బ్రాకెట్లో బ్రాంచీలు

మా అరసవల్లి సూర్యనారాయణుడికి ఇదివరకు కళ్ల జబ్బులు తగ్గాలని, చర్మవ్యాధులు నయం కావాలని మొక్కుకునేవారు. ఆరోగ్యం ఇచ్చే దేవుణ్ని ఆరోగ్యమే అడగడం న్యాయం. ఇప్పుడు జూన్, జూలై నెలలు వచ్చాయంటే ఆదివారం వరసలో నిలబడ్డవాళ్లలో సగంమంది కోరిక ఒక్కటే. గుంటడికి ఇంజినీరింగ్‌లో సీఎస్‌ఈ రావాలి. వట్టి సీఎస్‌ఈ వచ్చినా తృప్తి లేదు, పక్కన ఒక బ్రాకెట్ ఉండాలి. బ్రాకెట్లో ఏఐ అండ్ ఎంఎల్ అని ఉంటే ఇంటిల్లిపాదికీ ఆనందం. డేటా సైన్స్ అయితే పరవాలేదు. ఏ బ్రాకెట్టూ లేకపోతే మొక్కు సగమే తీరినట్టు లెక్క.

నేను కంప్యూటర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్నని వీధిలో అందరికీ తెలుసు. అందుకని కౌన్సెలింగు రోజుల్లో మా అరుగు ఖాళీ ఉండదు. మొన్న ఒకాయన వచ్చాడు. వరసకి అల్లుడు.

"మావయ్యా, గుంటడికి ఏఐ తీయమంటావా, సైబర్ సెక్యూరిటీ తీయమంటావా?"

"ముందు వాడికి లెక్కలెలా వస్తాయో చెప్పు నాయినా."

"లెక్కల్దేటుంది మావయ్యా! అవన్నీ కంప్యూటరే చేసేస్తాది కదా."

ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. లెక్కలు భయమని కంప్యూటర్ కోర్సు తీస్తున్నారు. అందులోనూ లెక్కలు ఎక్కువగా కావలసిన బ్రాంచీ ఏరి కోరి తీస్తున్నారు. ఇంక ఏం చెప్తాం!

మా రోజుల్లో ఈ తీయడం అనే బాధే లేదు. డెబ్బైల్లో నేను సిక్కోలు ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ ఎంపీసీ చదివాను. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, అంతే. కంప్యూటర్ అనే మాట పేపర్లో చదవడమే తప్ప ఆ వస్తువు ఎంతుంటుందో మా మాస్టార్లకీ తెలియదు. దేశం పరిస్థితే అలా ఉండేది. కాన్పూర్ ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 యంత్రం వచ్చినా, అక్కడ కంప్యూటర్ సైన్సులో బీటెక్ మొదలైంది 1978లో. అమెరికాలో మాత్రం 1962కే పర్డ్యూ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్సుకి విడిగా ఒక శాఖే పెట్టుకుంది. మన హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్లు 1969లోనే టీడీసీ-12 అని సొంతంగా ఒక కంప్యూటర్ చేశారన్నది మాకు గర్వమే గానీ, దాన్ని చూసిన పాపాన పోయినవాడు మా క్లాసులో ఒక్కడూ లేడు.

డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో, ఈడీపీ అనే విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. అంకెల వరసలు, తర్కం చిక్కుముడులు ఇచ్చి పరీక్ష పెట్టారు. పాసైతే ప్రోగ్రామర్ ట్రైనీ. నువ్వు ఏ బ్రాంచి, నీ ప్యాకేజీ ఎంత అని ఎవరూ అడగలేదు. నా పక్క బల్ల మీదవాడు స్టాటిస్టిక్స్, అవతలవాడు మెకానికల్ డిప్లొమా, మా పై అధికారి బీకాం. ఐబీఎం వాళ్లు దేశం వదిలి వెళ్లిపోయిన ఏడాది, 1978 అది. వాళ్ల యంత్రాల మరమ్మతు అంతా 1975లో పుట్టిన ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. ఆ కాలంలో ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించిన ఐబీఎం 1401లో మెమరీ ఎంతనుకున్నారు? ఎంత పెంచినా 16 వేల అక్షరాలు. ఈ వ్యాసం అందులో పట్టడమే కష్టం. ఆ చోట్లో వేలమంది జీతాలు లెక్కగట్టేవారు.

ప్రోగ్రాం రాయడం ఎలా ఉండేదో ఈ పిల్లలకు చెప్తే కథలనుకుంటారు. ముందు కోడింగ్ షీటు. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. కోబాల్ అయితే మొదటి ఆరు గళ్లు వరస సంఖ్యకి. ఎనిమిదో గడి నుంచి శీర్షికలు, పన్నెండో గడి నుంచి అసలు వాక్యాలు, డెబ్బై రెండు దాటితే యంత్రం పట్టించుకోదు. ఆ షీటు పంచింగ్ అమ్మాయిల దగ్గరికి వెళ్తుంది. ఒక వాక్యానికి ఒక కార్డు, కార్డుకి 80 నిలువు వరసలు. ఒకరు కన్నాలు వేస్తే ఇంకొకరు అదే షీటు చూసి మళ్లీ కొట్టి తేడాలుంటే పట్టుకుంటారు. తర్వాత ఆ కట్ట మెషీన్ రూం కిటికీలో ఇచ్చి రావాలి. ఫలితం కాగితం మీద రేపు వస్తుంది. నెలాఖరు జీతాల పని ఉంటే ఎల్లుండి. అందులో "పన్నెండో కార్డులో తప్పు" అని ఒక్క లైనుంటే చాలు, పని మళ్లీ మొదటికి.

ఒక్కోసారి తప్పున్నట్టు కూడా చెప్పదు. కోబాల్‌లో "ఇఫ్" వాక్యానికి చివర చుక్క పెట్టకపోతే దాని కింద రాసినవన్నీ ఆ షరతులోకే చేరిపోతాయి. మా విభాగంలో ఒకసారి ఆ ఒక్క చుక్క ఎగిరిపోయి, అందరికీ రావలసిన అలవెన్సు రాత్రి షిఫ్టు వాళ్లకి మాత్రమే వచ్చింది. యంత్రం తప్పేం లేదు. దానికి ఏం చెప్పారో అదే చేసింది. పొద్దున్నే యూనియన్ వాళ్లు మాత్రం మా గది ముందు నిలబడ్డారు.

అందుకని కట్ట కిటికీలో ఇచ్చే ముందు గంటలకొద్దీ పెన్సిల్ పట్టుకుని మేమే కంప్యూటర్లమై కూర్చునేవాళ్లం. ఈ గడిలో ఇప్పుడెంత, తర్వాత వాక్యం అయ్యాక ఎంత, ఇంకోసారి తిరిగితే ఎంత. డ్రై రన్ అనేవాళ్లం. ఇప్పుడు మనవలు రన్ బటన్ నొక్కి ఎర్ర అక్షరాలొస్తే ఏదో ఒక లైను మార్చి మళ్లీ నొక్కుతారు. ఎందుకు మార్చావురా అంటే "చూద్దామని తాతా" అంటారు. ఇరవైసార్లు నొక్కాక ఒకసారి నడుస్తుంది. ఎందుకు నడిచిందో వాడికీ తెలియదు, దానికీ తెలియదు.

నెదర్లాండ్స్‌లో డైక్‌స్ట్రా అని ఒక మహానుభావుడుండేవాడు. ఈ శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడు. చదివింది మాత్రం ఫిజిక్సు. 1957లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెళ్లి రిజిస్టర్ చేయించుకునేటప్పుడు వృత్తి దగ్గర ప్రోగ్రామర్ అని రాశాడట. అలాంటి వృత్తేదీ లేదని మునిసిపాలిటీ వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త అని రాయించుకోవలసి వచ్చింది. 1972లో ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. మన జిల్లాలో ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ కాదంటే సంబంధమే కుదరదు. ఫిజిక్స్ లెక్చరరని చెప్తే పెళ్లిళ్ల పేరయ్య ఫోన్ పెట్టేస్తాడు.

ఇంకా దగ్గరి మనిషి గురించి చెప్తాను. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. మద్రాసు గిండీ కాలేజీలో 1958లో ఇంజినీరింగ్ పాసయ్యారు. ఏ బ్రాంచి? సివిల్. తర్వాత ఆస్ట్రేలియా, అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్. జాన్ మెకార్థీ దగ్గర పరిశోధన చేసి, మాట వినే యంత్రాల మీద జీవితమంతా పనిచేసి, 1994లో కృత్రిమ మేధ పనికే ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ అవార్డు అందుకున్న మొదటి ఆసియావాసి మన తెలుగువాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 2008లో ట్రిపుల్ ఐటీలు, అంటే ఆర్‌జీయూకేటీ, పుట్టినప్పుడు దానికి తొలి ఛాన్సలర్ ఆయనే. ఆ యూనివర్సిటీ శ్రీకాకుళం క్యాంపస్ 2016లో వచ్చింది, మనకి కూతవేటు దూరంలో ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం. పురంలో ఉంది. అంత దగ్గర పెట్టుకుని, బ్రాకెట్లో ఏఐ లేకపోతే పిల్లాడి బతుకు ఏమైపోతుందోనని బెంగపడుతున్నాం.

సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. అడోబ్ శంతను నారాయణ్ ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్. ఇద్దరూ కంప్యూటర్ సైన్సు చదువుకున్నది తర్వాత అమెరికాలో, ఎమ్మెస్‌లో. ఈ పేర్లు ప్రతివాడూ ఫ్లెక్సీల మీద వేసుకుంటాడు గానీ బ్రాంచి మాత్రం రాయడు.

"అయితే నా కొడుకుని సివిల్ చదివించమంటావా?" అని మా అల్లుడి మొహం వాడిపోయింది. కాదు నాయినా. రాజ్ రెడ్డి చదివే రోజుల్లో ఇక్కడ కంప్యూటర్ డిగ్రీ లేదు గనక సివిల్ చదివారు. ఇప్పుడుంది. మేం మాన్యువళ్లు తిరగేసి, ఒకళ్ల భుజం మీంచి ఒకళ్లం చూసి అరకొరగా పట్టుకున్నది ఇప్పుడు ఒక క్రమంలో నాలుగేళ్లు నేర్పుతారు. ప్రోగ్రామింగ్ మీదే బతకాలనుకునేవాడికి సీఎస్‌ఈ మంచి చదువే. నా గొడవంతా దాని పక్కనున్న బ్రాకెట్ గురించి, ఆ బ్రాకెట్ చూపించి డబ్బు గుంజేవాళ్ల గురించి.

మధ్యలో జరిగింది మీకూ తెలిసిందే. 1997లో రాజాంలో జీఎంఆర్ ఐటీ, విజయనగరంలో ఎంవీజీఆర్ వచ్చాయి. 2001లో టెక్కలిలో ఆదిత్య వచ్చింది. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. పంచ్ కార్డులో 80 వరసలే గనక ప్రపంచమంతా సంవత్సరానికి రెండంకెలే వాడి జాగా మిగుల్చుకుంది. 2000 వచ్చేసరికి ఆ రెండంకెలే సిరులు కురిపించాయి. వైటూకే అన్నారు, కోబాల్ వస్తే చాలన్నారు, అమీర్‌పేటలో నేర్చుకుని జువాలజీవాళ్లు కూడా విమానమెక్కారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కూలి చేసుకునే ఇంట్లోనూ ఇంజినీరు పుట్టాడు. అది మాత్రం మంచిదే. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు పోయే పిల్లల్ని చూస్తే కడుపు నిండుతుంది.

తర్వాత మొదలైంది బ్రాకెట్ల కాలం. సీఎస్‌ఈ, బ్రాకెట్లో ఏఐ అండ్ ఎంఎల్. సీఎస్‌ఈ, బ్రాకెట్లో డేటా సైన్స్. ఇంకో బ్రాకెట్లో సైబర్ సెక్యూరిటీ, ఇంకోదాంట్లో ఐఓటీ. పైగా 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని బాగా నడిచే కాలేజీలకి ఏఐసీటీఈ ఎత్తేసింది. ఇంకేం, సివిల్, మెకానికల్ గదుల్లో బల్లలు జరిపి సీఎస్‌ఈ సెక్షన్లు వేశారు. గదులు దొరుకుతాయి. పాఠం చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? కంప్యూటర్ సైన్సు బాగా వచ్చినవాడికి కంపెనీ ఇచ్చే జీతం కాలేజీ ఇవ్వదు. ఇక మిగిలేదెవరు? నిరుడు పాసై ఉద్యోగం రాని కుర్రాడు ఈ ఏడాది మాస్టారు. ప్రతి కాలేజీ ఇలాగే ఉందని అనను. ఏది ఇలా ఉందో, ఏది లేదో కనుక్కోవలసింది తల్లిదండ్రులు. వాళ్లేమో బ్రాకెట్ కేసి చూస్తున్నారు.

ఈ నాలుగు బ్రాంచీల సిలబస్సులు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. మీ పిల్లాడికి పదినిమిషాల పని, యూనివర్సిటీ సైట్లోనే ఉంటాయి. చాలా చోట్ల మొదటి రెండేళ్లూ దాదాపు ఒకటే. మూడో ఏడాది నుంచి నాలుగైదు పేపర్లు మారతాయి. పలాస నుంచి వచ్చిన ఒకే బస్తా జీడిపప్పుని నాలుగు డబ్బాల్లో పోసి నాలుగు రంగుల కాగితాలు అంటించినట్టుంది. కొన్నిచోట్ల ఇంకో అన్యాయం ఉంది. కొత్త పేపర్లకి చోటివ్వడానికి కంపైలర్లో, కంప్యూటర్ ఆర్గనైజేషనో, ఆటోమేటానో తీసేస్తారు, లేదా ఎలక్టివ్ అనే మూలకి నెట్టేస్తారు. అవే కదా నలభై ఏళ్లయినా పాతబడనివి! ఈ ఏడాది గొప్పగా చెప్పే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ వాడు పాసయ్యేసరికి ఉంటుందో లేదో. ఆపరేటింగ్ సిస్టం ఒకే మెమరీని పది ప్రోగ్రాములకి ఎలా పంచుతుందో తెలిసినవాడికి ఆ తెలివి రిటైరయ్యేదాకా పనికొస్తుంది.

ఏఐ విడిగా చదవకూడదని నేననను. హైదరాబాద్ ఐఐటీలో 2019లోనే ఏఐ బీటెక్ పెట్టారు, దేశంలో అదే మొదటిది. అక్కడ ఆ పని చేసేవాళ్లున్నారు, పరిశోధన ఉంది, పెట్టారు. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపరు కూడా ఇస్తున్నారు. దాని సిలబస్ ఒకసారి చూడండి. మొదటి వరసలో ఉన్నవేవి? ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్. లెక్కలన్నీ కంప్యూటరే చేసేస్తాదన్న మా అల్లుడికి ఈ జాబితా చదివి వినిపించాను. "అంటే ఇంటర్మీడియెట్ మళ్లీ చదవాలా మావయ్యా?" అన్నాడు. ఇంతకన్నా నిజమైన మాట ఈ సీజనులో నేను వినలేదు.

ఇక కాలేజీల పీఆర్వోలు. మా రోజుల్లో కాలేజీ గేటు దగ్గర మేం నిలబడేవాళ్లం, ఇప్పుడు కాలేజీయే ఇంటికొస్తుంది. ఇంటర్ పరీక్షలు అవకముందే ఫోన్ నంబర్లు వాళ్లకెలా చేరతాయో ఆ సూర్యనారాయణుడికే తెలియాలి. నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలు, బస్సు ఉచితం, ల్యాప్‌టాప్ ఉచితం. పైన ఒక పిల్లాడి ఫొటో, కింద లక్షల్లో ప్యాకేజీ. ఒక పీఆర్వోని అడిగాను, "ఈ పిల్లాడి సంగతి సరే, జాబితాలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడికి ఎంతొచ్చింది బాబూ?" అని. ఆయన మంచినీళ్లు అడిగాడు. "మీ డేటా స్ట్రక్చర్స్ మాస్టారు ఎన్నాళ్లుగా అక్కడే ఉన్నారు?" అన్నాను. ఇంకో ఇంటికి వెళ్లాలని లేచాడు.

ల్యాబుల సంగతి చెప్తే ఏడుపొస్తుంది. మేం కాగితం మీద రాసి యంత్రం మీద నడిపేవాళ్లం. ఇప్పుడు యంత్రం మీద కాపీ కొట్టి కాగితం మీద రాస్తున్నారు. ల్యాబ్ రికార్డు అని ఒక లావుపాటి పుస్తకం. అందులో ప్రోగ్రాం అంతా నీలం ఇంకుతో, ఎడమ పేజీలో అవుట్‌పుట్ పెన్సిల్‌తో, చుట్టూ స్కేలు పెట్టి మార్జిన్. సీనియర్ రికార్డు చూసి జూనియర్, వాడిది చూసి వాడి తమ్ముడు. ఎప్పుడో ఎవడో వదిలేసిన సెమీకోలన్ తరాలుగా అలాగే లేకుండా వస్తోంది. ఎక్స్‌టర్నల్ వచ్చి మార్జిన్ బాగుందని మార్కులేసి పోతాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టయితే చేయడం కూడా లేదు, కొనడమే. రిపోర్టు, పీపీటీ, వైవా ప్రశ్నలకి జవాబులు అన్నీ ఒక ప్యాకెట్. రెండొందల మైళ్ల అవతల ఎవడో రాసిన ప్రోగ్రాంకి మనవాడు తండ్రి.

బీఎస్సీ, బీసీఏ అంటే ఇప్పుడు చిన్నచూపు. ఇంజినీరింగ్ రాకపోతే పోయేచోటు అనుకుంటారు. నిన్నమొన్నటిదాకా లెక్కలు, ఫిజిక్సు, కంప్యూటర్స్ కలిపి ఎంపీసీఎస్ అని చక్కటి బీఎస్సీ ఉండేది. 2023-24 నుంచి సింగిల్ మేజర్ అని మార్చేశారు. మూడూ సమానంగా చదివే ఆ పద్ధతే నాకు నచ్చేది, అయినా నన్నెవరడిగారు. బీసీఏని కూడా 2024-25 నుంచి ఏఐసీటీఈ తన కిందికి తెచ్చుకుంది. ఎంసీఏ 2020-21 నుంచి రెండేళ్లే. అంటే బీఎస్సీ కంప్యూటర్స్ మూడేళ్లు, పైన ఎంసీఏ రెండేళ్లు కలిపి ఐదేళ్లలో పీజీ చేతికొస్తుంది. విప్రోలాంటి కంపెనీ బీఎస్సీ, బీసీఏ పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకుని, జీతమిస్తూ ఎంటెక్ చదివించే పథకం ఎన్నో ఏళ్లుగా నడుపుతోంది. డొనేషన్ కోసం పొలం తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు కొనే ఇంటికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్తే ఎవరికి కమిషన్ వస్తుంది గనక!

మా అల్లుడు ఆఖర్న అసలు భయం బయటపెట్టాడు. "ఇప్పుడు ప్రోగ్రాములు కూడా ఏఐయే రాసేస్తాదంట కదా, ఈ చదువుకి విలువుంటాదా?" చాట్ జీపీటీ వచ్చిన 2022 నవంబరు నుంచి ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంది. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో రెండు శాతం, అంటే 12 వేలమంది దాకా తగ్గిస్తామన్నాక ఇంకా ముదిరింది. నేను విన్నంతలో ఈ మాట మొదటిసారి కాదు. 1957లో ఫోర్ట్రాన్ వచ్చినప్పుడు ఐబీఎం వాళ్లు దానికి ఆటోమేటిక్ కోడింగ్ సిస్టం అనే పేరు పెట్టారు. ఇంక కోడ్ యంత్రమే రాసుకుంటుందన్నారు. ఆ తర్వాతే కదా లక్షలమంది ప్రోగ్రామర్లు పుట్టుకొచ్చింది. అలాగని ఈసారీ అంతేలే అని కొట్టిపారేసేంత ధైర్యం కూడా నాకు లేదు. మొన్నటిదాకా కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇచ్చే చిన్నచిన్న పనులు నిజంగానే యంత్రం చేసేస్తోంది. దెబ్బ ముందు తగిలేది రికార్డు కాపీ కొట్టి పాసైనవాడికి. యంత్రం రాసిచ్చిన రెండొందల లైన్లలో ఎగిరిపోయిన చుక్క ఎక్కడుందో పట్టుకోగలిగినవాడికి పని ఉంటుంది. అది పట్టుకోవడానికి డ్రై రన్ రావాలి. వీళ్లకది ఎవరూ నేర్పడం లేదు.

ఇంకో విడ్డూరం. విశాఖలో రుషికొండ దగ్గర టీసీఎస్‌కి 99 పైసలకి భూమి ఇచ్చారు. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ కేంద్రం కడతామన్నారు. మన వీధిలో అందరూ సీఎస్‌ఈ ఉద్యోగాలు ఇంటికొచ్చేస్తున్నాయని సంబరపడ్డారు. డేటా సెంటర్‌కి మొదట కావలసింది కరెంటు, తర్వాత ఆ యంత్రాల్ని చల్లగా ఉంచే ఏర్పాటు. ఆ రెండూ చూసేది ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లు. సరిగ్గా ఆ రెండు బ్రాంచీలే కాలేజీలు మూసేస్తున్నాయి.

పిల్లల్ని ఊరికే ఆడిపోసుకుంటున్నానని మా ఆవిడ అంటుంది. కొంత నిజమే. మా ఈడు ఆడపిల్లలకి కంప్యూటర్ గదిలో పంచింగ్ పనే గొప్ప. ప్రోగ్రాం రాస్తానంటే నవ్వేవారు. ఇప్పుడు మా వీధి చివర ఇంట్లో ఒక గుంట ఉంది. తండ్రి ఆటో తోలుతాడు. పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుంది. సెలవులకి వచ్చినప్పుడు డాబా మీద కూర్చుని ఫోన్లో ఐఐటీ ప్రొఫెసర్ పాఠాలు వింటుంది. ఎన్‌పీటీఈఎల్ అని 2003 నుంచి ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఉచితంగా పెడుతున్నవి. మద్రాసు ఐఐటీ క్లాసు అరసవల్లి డాబా మీద! మా రోజుల్లో ఒక్క కోబాల్ మాన్యువల్ పదిమంది చేతులు మారి అట్టలూడిపోయేది. ఈ పిల్ల ఒక ప్రోగ్రాం తెచ్చి చూపించింది. లైను లైనుకీ ఇదెందుకు, అదెందుకు అని అడిగాను. తడుముకోకుండా చెప్పింది. నీ బ్రాంచికి బ్రాకెట్ ఉందా అమ్మా అన్నాను. "లేదు తాతగారూ, వట్టి సీఎస్‌ఈయే" అంది.

సరే, ఎవరేం తీసినా ఒక్క మాట మాత్రం వినండి. కౌన్సెలింగు మొదలయ్యాక ఏడు రోడ్ల కూడలి దగ్గర నెట్ సెంటర్లలో జనం కిటకిటలాడతారు. "ఆప్షన్లు మేమే పెట్టేస్తాం, హాల్ టికెట్ ఇలా ఇవ్వండి, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది చెప్పండి" అని తీయగా మాట్లాడేవాళ్లు అక్కడే తిరుగుతుంటారు. వాళ్లు పెట్టేది మీ పిల్లాడికి కావలసిన కాలేజీ కాదు, వాళ్లకి డబ్బిచ్చే కాలేజీ. ముందు రోజే పిల్లాణ్ని తీసుకుని రెండు మూడు కాలేజీలకి వెళ్లండి. క్లాసులు జరుగుతున్న రోజునే వెళ్లండి. ల్యాబు తలుపు తాళం వేసుందేమో చూడండి, రెండో ఏడాది పిల్లలతో క్యాంటీన్లో మాట్లాడండి. ఆ తర్వాత పాస్‌వర్డు మీ పిల్లాడి చేతికే ఇచ్చి, వాడి ఆప్షన్లు వాణ్నే పెట్టుకోనివ్వండి. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పకండి, నేనడిగినా సరే.